రెండున్నర నిమిషాల పాట

ఇంగ్లండులోని సఫోక్ సీమలో గ్రేట్ ఫిన్‌బరో అనే చిన్న పల్లె ఉన్నది. ఆ పల్లెలోని చర్చి ఆవరణలో, తక్కిన సమాధుల నడుమ, 2008లో నిలిపిన రాతిఫలకం ఒకటి కనిపిస్తుంది. దానిమీద ఒక మనిషి పేరు, ఆయన ప్రాణప్రదంగా అభిమానించిన లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు చిహ్నం, ఒక వాక్యం చెక్కి ఉన్నాయి. ఆ వాక్యం బైబిలులోనిది కాదు, షేక్‌స్పియరుదీ కాదు. ఉత్తర ఐర్లండులో ఒక కుర్రవాడు, ఇరవయ్యేళ్లు నిండకముందే, 1977 వేసవిలో కట్టిన పాటలోని మొదటి పాదం అది.

సమాధిలో ఉన్నాయన జాన్ పీల్. 1967 నుండి 2004 వరకు, అంటే ముప్పయ్యేడేళ్లపాటు, బి.బి.సి. రేడియోలో రికార్డులు వినిపించడమే ఆయన చేసిన ఉద్యోగం. పాట పేరు ‘టీనేజ్ కిక్స్’. పాడిన బృందం ‘ది అండర్‌టోన్స్’. పాట నిడివి రెండున్నర నిమిషాలకు ఓ పిసరు తక్కువ.

అరవైఅయిదేళ్లు బ్రతికి, వేలకొలది పాటలు విన్న మనిషి తన సమాధిమీద పడుచుకుర్రవాడి పాటలోని పాదాన్ని ఎందుకు కోరుకున్నట్టు? ఇది పాట కథ మాత్రమే కాదు. ఒక రచనను లోకం ఎలా తిరస్కరిస్తుందో, ఎలా స్వీకరిస్తుందో చెప్పే కథ కూడా.

*

డెర్రీ నగరం పేరు పలకడంలోనే పేచీ ఉన్నది. ఐర్లండు అంతా ఒకటి కావాలని కోరే కాథలిక్కులు డెర్రీ అంటారు. బ్రిటనుతో కలిసి ఉండాలని కోరే ప్రొటెస్టంట్లు లండన్‌డెర్రీ అంటారు. మనిషి నోట ఏ పేరు వచ్చిందో విని, అతడు ఏ పక్షంవాడో పోల్చుకునే రోజులవి. 1972 జనవరి 30న ఆ ఊళ్లో పౌరహక్కుల కోసం సాగిన ఊరేగింపుమీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆనాడే పదముగ్గురు మరణించారు. గాయపడినవారిలో ఒకరు తరువాత కన్నుమూశారు. 1960ల చివర రాజుకుని, 1998 నాటి శాంతి ఒప్పందం దాకా రగిలిన ఆ కలహాగ్నిలో ఉత్తర ఐర్లండులో సుమారు మూడున్నరవేలమంది ఆహుతి అయ్యారు.

పాటగాళ్లకు కూడా మినహాయింపు లేకపోయింది. 1975 జూలై 31 తెల్లవారుజామున, ఉత్తరాన కచేరీ ముగించుకుని డబ్లినుకు తిరిగి వెళ్తున్న ‘మయామి షోబాండ్’ బృందాన్ని సైనిక దుస్తులు ధరించిన ముష్కరులు నడిరోడ్డున ఆపి, ముగ్గురు కళాకారులను కాల్చి చంపారు. ఆపైన బయటి బృందాలు ఆ ప్రాంతానికి రావడానికి జంకాయి. సాయంకాలమైతే బెల్‌ఫాస్టు నగరమధ్యం నిర్మానుష్యమయ్యేది.

అటువంటి కాలంలో డెర్రీలో అయిదుగురు కుర్రవాళ్లు జతకట్టారు. గిటారు వాయించే జాన్ ఓనీల్, అతని తమ్ముడు డేమియన్, బేస్ గిటారుతో మైకేల్ బ్రాడ్లీ, డ్రమ్ములతో బిల్లీ డొహర్టీ, గొంతు ఫియర్గల్ షార్కీది. ఆ గొంతు సన్నగా, వణుకుతూ, ఏడుపుకూ కేకకూ నడుమ ఎక్కడో నిలిచినట్టుంటుంది. ఊళ్లో ‘కాస్బా’ అనే సారాదుకాణంలో వారు పాడుకునేవారు. పాటలు కట్టేవాడు ముఖ్యంగా జాన్ ఓనీల్.

అతడు కట్టిన ‘టీనేజ్ కిక్స్’లో కథ అంటూ లేదు. వీధిలో నడిచిపోయే అమ్మాయిని చూసి ఓ కుర్రవాడు పడే తపన. ఫోను చేసి ఆమెను రమ్మనాలన్న ఆశ. ఇంతే. తుపాకి లేదు, సైనికుడు లేడు, జెండా లేదు. డ్రమ్ముల చప్పుడు తటతటా మోగి, వెంటనే గిటార్లు మొరటుగా అందుకుంటాయి. మధ్యలో చప్పట్లు. చూస్తుండగానే పాట అయిపోతుంది.

*

వారు తమ పాటలను టేపుమీద రికార్డు చేసి లండనులోని కంపెనీలకు పంపారు. వారికి దక్కినవి తిరస్కారాలే. బృందాన్ని రద్దు చేసుకుందామన్న ఆలోచన దాకా వచ్చింది. చివరిగా ఒక్క రికార్డు వేసి, జ్ఞాపకంగా దాచుకుని, ఎవరి దారి వారు చూసుకుందామనుకున్నారు.

ఆ సమయంలో ఆ టేపు బెల్‌ఫాస్టులోని టెర్రీ హూలీ అనే దుకాణదారుని చెంతకు చేరింది. చిన్నతనంలోనే ఒక కన్ను పోగొట్టుకున్న ఈ మనిషి, గ్రేట్ విక్టోరియా వీధిలో ‘గుడ్ వైబ్రేషన్స్’ అన్న పేరుతో రికార్డుల దుకాణం నడిపేవాడు. అదే వీధిలో ఉన్న యూరోపా హోటలుకు యూరపు ఖండంలోకెల్ల అత్యధికంగా బాంబుదాడులకు గురైన హోటలన్న పేరు ఉన్నది. అటువంటి చోట పాటల దుకాణం పెట్టడానికి వ్యాపారదక్షతకన్న వెర్రితనం ఎక్కువ కావాలి. హూలీకి అది పుష్కలంగా ఉన్నది. కాథలిక్కు పిల్లలూ ప్రొటెస్టంటు పిల్లలూ ఒకే కప్పు కింద నిలబడి, ఒకే పాటకు తల ఊపగలిగిన బహుకొద్ది స్థలాలలో అతని దుకాణం ఒకటి. 1978లో అతడు దుకాణం పేరుతోనే రికార్డుల సంస్థను కూడా ప్రారంభించాడు.

ఇక్కడ ఒక మాట వివరించాలి. ఇప్పుడు కుర్రకారు ‘ఇండీ’ సంగీతం అంటుంటారు. ఇండీ అంటే ఇండియా కాదు. ‘ఇండిపెండెంట్’ అన్న మాటకు ముద్దుపేరు. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా ఎవరి డబ్బుతో వారు రికార్డు వేసుకోవడం దానికి మూలార్థం. 1977 జనవరిలో మాంచెస్టరుకు చెందిన ‘బజ్‌కాక్స్’ బృందం అయిదువందల పౌండ్లు అప్పు చేసి, వెయ్యి ప్రతులు అచ్చు వేయించి, తామే అమ్ముకుని దారి చూపించింది. ఆ వెయ్యి పెరిగి పెరిగి పదహారు వేలకు చేరింది. పాటకు పట్టాభిషేకం చేసే హక్కు కంపెనీ గుమాస్తాలది మాత్రమే కాదని దేశమంతటా కుర్రవాళ్లకు తెలిసివచ్చింది. మన దేశంలో 1980లలో కాసెట్లు వచ్చాక జానపద గాయకుల పాటలు ఊరూరా పాకిన వైనం ఎరిగినవారికి ఈ సంగతి కొత్తగా తోచదు. రికార్డు వేసే సాధనం చవక అయినప్పుడల్లా కొత్త గొంతులు బయటికి వస్తాయి.

1978 జూన్ 15న, బెల్‌ఫాస్టులోని విజర్డ్ స్టూడియోలో అండర్‌టోన్స్ నాలుగు పాటలు పాడారు. ఖర్చు సుమారు రెండువందల పౌండ్లు. ఆ సెప్టెంబరులో ఏడంగుళాల రికార్డు వెలువడింది. మడత పెట్టిన కాగితమే దానికి అట్ట.

హూలీ ఆ రికార్డు పట్టుకుని లండను వెళ్లాడు. పెద్ద కంపెనీల గడపలు ఎక్కి దిగాడు. ఎవరికీ నచ్చలేదు. తప్పు వారిదని తీర్పు చెప్పడం నేడు సులభం. నిజానికి ఆ గదుల్లో కూర్చున్నవారు మూర్ఖులు కారు. రోజుకు ఎన్నో టేపులు వినేవారు. నాలుగు మోటు స్వరాలు, అనుభవం లేని కుర్రవాళ్లు, ఎక్కడో మూలనున్న ఊరు: వారి తూకపురాళ్లకు ఇది తూగలేదు. ఆ తూకంలో పట్టని దేదో ఆ పాటలో ఉన్నది. అది పట్టడానికి వేరే త్రాసు కావలసి వచ్చింది.

*

ఆ త్రాసు జాన్ పీల్. అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రావెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న లివర్‌పూల్ సమీపంలోని హెజ్వాల్‌లో పుట్టారు. రాత్రి పదింటి తరువాత ఆయన కార్యక్రమం. మన పాఠకులలో పెద్దవారికి అమీన్ సయానీ కంఠమూ, రేడియో సిలోను నుండి వినవచ్చిన ‘బినాకా గీత్‌మాలా’ గుర్తుండే ఉంటాయి. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూస్తే తేడా తెలుస్తుంది. సయానీగారు ప్రజల మెప్పు పొందిన పాటలను మెట్లవారీగా పేర్చి ప్రజలకే తిరిగి అందించేవారు. పీల్ మాత్రం ప్రజలు ఇంకా విననివి వినిపించేవారు. గొంతులో హడావిడి ఉండేది కాదు. ఒక్కొక్కప్పుడు రికార్డును తప్పు వేగంతో తిప్పి, తరువాత తానే తీరికగా ఒప్పుకునేవారు. ఊరు పేరు లేనివారు పోస్టులో పంపిన రికార్డులను సైతం విప్పి వినేవారు. దేశమంతటా దుప్పట్ల కింద రేడియో దాచుకుని వినే పిల్లలకు ఆయన పెద్దన్న వంటివాడు.

1978 సెప్టెంబరులో ఒక రాత్రి ఆయన ‘టీనేజ్ కిక్స్’ వినిపించారు. పాట ముగిసింది. ఆయన మరేమీ వినిపించకుండా అదే పాటను వెంటనే మళ్లీ వేశారు. ఉద్యోగజీవితంలో అటువంటి పని చేయడం అదే మొదటిసారి అని చెబుతారు. పాటలకు అయిదు చుక్కల వరకు మార్కులు వేసుకునే అలవాటున్న పీల్, దీనికి ఇరవైయెనిమిది చుక్కలు పెట్టారని మరొక ముచ్చట ప్రచారంలో ఉన్నది.

విమర్శ అనే పదానికి మన భాషలో చాలా బరువున్నది. గుణదోష విచారణ, పూర్వపక్షం, సిద్ధాంతం అంటూ ఎన్నో అంగాలు చెబుతాము. కాని ఒక కృతిని చదవగానే, వినగానే, ‘మరొక్కసారి’ అనడం కన్న ప్రాచీనమైన విమర్శ ఏదైనా ఉన్నదా? మన నాటకశాలల్లో పద్యం పూర్తికాగానే జనం ‘వన్స్‌మోర్’ అని అరచినప్పుడు చేసినదీ ఆ విమర్శే. పీల్ ఆ రాత్రి స్టూడియోలో ఒక్కడే కూర్చుని, లక్షలమంది తరపున ‘వన్స్‌మోర్’ అన్నారు.

తరువాతి కథ వేగంగా నడిచింది. అమెరికాలో ‘రమోన్స్’ వంటి బృందాలను వెలుగులోకి తెచ్చిన సైర్ రికార్డ్స్ అధిపతి సైమూర్ స్టైన్ ఆ రోజుల్లో ఇంగ్లండులో ఉన్నాడు. కారులో పోతూ రేడియోలో ఈ పాట విన్నాడు. తన మనిషిని డెర్రీకి పరుగెత్తించాడు. అక్టోబరులో ఒప్పందమూ, రికార్డు పునర్ముద్రణా రెండూ జరిగాయి. పాట బ్రిటిష్ పట్టికలో 31వ స్థానానికి చేరింది. విడిపోదామనుకున్న అయిదుగురు అదే నెలలో బి.బి.సి. టెలివిజనులోని ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమంలో పాడారు.

ముప్పయి ఒకటి! ఘనవిజయమని చెప్పుకునే అంకె కాదది. అదే పట్టికలో ఆ వారం ఆ పాటకు పైన ముప్పయి పాటలున్నాయి. వాటిలో ఎన్నింటిని నేడు ఎవరు తలుస్తున్నారో పాఠకులే ఊహించుకోవచ్చు.

*

అయితే ఆదరణతోపాటు ఒక ఆక్షేపణ కూడా వచ్చింది. అది తేలికగా తోసిపుచ్చదగినది కాదు.

అదే కాలంలో బెల్‌ఫాస్టు నుండి ‘స్టిఫ్ లిటిల్ ఫింగర్స్’ అనే మరొక బృందం వచ్చింది. వారు బాంబులను గురించి, సైనికులను గురించి, విసిగిపోయిన యువతరాన్ని గురించి సూటిగా పాడారు. ఊరు తగులబడుతూ ఉంటే మీరు అమ్మాయిలను గురించి పాడుతున్నారేమని అండర్‌టోన్సును పత్రికలవారు అడగసాగారు. తమ చుట్టూ ఉన్నదాని నుండి తప్పించుకోవడానికే తాము శాయశక్తులా ప్రయత్నిస్తున్నామన్నది షార్కీ తరువాతి రోజుల్లో చెప్పిన సమాధానం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. భావకవులను పలాయనవాదులన్న విమర్శ మన సాహిత్యంలో ఎంతకాలం మ్రోగిందో! 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడిన తరువాత నిబద్ధతను గురించి జరిగిన చర్చలతో పత్రికల పేజీలు వేడెక్కేవి. దేశం ఆకలితో ఉండగా వెన్నెలను గురించి వ్రాసే హక్కు కవికి ఉన్నదా అన్న ప్రశ్నకు నేటికీ అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు.

నా మట్టుకు నాకు ఒకటి తోస్తుంది. శాంతియుతమైన ఊళ్లో పొరుగింటి అమ్మాయిని గురించి పాడితే అది వట్టి ప్రేమపాట. సోదా చేయించుకోనిదే అంగడిలో అడుగు పెట్టలేని దేశంలో, కూడలికొక సైనికుడు నిలుచున్న వీధిలో, ‘నాకు కావలసినది పడుచుదనపు ఆనందం మాత్రమే’ అనడం వేరు. ఆ కుర్రవాడు రాజకీయాన్ని మరచిపోలేదు. రాజకీయం తన దగ్గర నుండి ఏమి లాక్కున్నదో పేరుపెట్టి అడిగాడు. పదహారేళ్లవాడికి హక్కుగా రావలసినదేదో అదే అడిగాడు. ఆ పాటలో లేని తుపాకి చప్పుడు, లేకపోవడం చేతనే, డెర్రీవారికి వినిపించి ఉంటుంది.

వారు కళ్లు మూసుకున్నవారు కారనడానికి నిదర్శనం కూడా ఉన్నది. 1981 మే 5న, జైలులో అరవైఆరు రోజుల నిరాహారదీక్ష తరువాత బాబీ సాండ్స్ మరణించాడు. నిరాహారదీక్షలో ఒక మనిషి ప్రాణం విడవడమంటే ఏమిటో 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారిని పోగొట్టుకున్న మన ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ సమయంలో అండర్‌టోన్స్ ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో పాడుతూ ఉంటే, డేమియన్ ఓనీల్ చేతికి నల్లపట్టీ కట్టుకుని నిలిచాడు. ఉపన్యాసం లేదు. ఓ గుడ్డపీలిక, అంతే.

*

వృత్తిరీత్యా అనువాదకుణ్ణి గనుక, ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం జాన్ పీల్‌ను గురించిన ఒక వ్యాసం తెలుగు చేయవలసి వచ్చింది. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాడినన్న గర్వం ఒకటి ఉన్నది గదా! మిల్టను, కీట్సు చదివిన నోటితో ఈ పిల్లకాయల పాటనా అనుకున్నాను. పాట వినకుండానే శీర్షికను ‘కౌమారోల్లాసములు’ అని అనువదించాను. ప్రతి టైపు చేస్తున్న అబ్బాయి ఆ మాట దగ్గర ఆగి, ‘ఇది ఆయుర్వేద లేహ్యం పేరాండీ?’ అని అడిగాడు.

ఆ రాత్రి పాట విన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. లండను కంపెనీలవారు చేసిన పనే నేనూ చేశానని అప్పుడు అర్థమైంది. వారు విని కాదన్నారు. నేను వినకుండానే చిన్నచూపు చూశాను. నా నేరమే పెద్దది. ‘కిక్’ అన్న మాటకు మన నిఘంటువులలో సరైన తెలుగు దొరకదు. తన్ను, తాపు అంటే తగిలేది కాలే. కాని తెలుగువాళ్లు ఆ మాటను ఏనాడో సొంతం చేసుకున్నారు. సారాకొట్టులో మొదలై కాలేజీ ఆవరణలో స్థిరపడి, 2009లో రవితేజ నటించిన చిత్రానికి పేరై కూర్చున్నది. ఆ అబ్బాయికి ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. నాకే చెప్పవలసి వచ్చింది. ‘టీనేజ్ కిక్స్’ అని మూలాన్ని మూలంగానే ఉంచి ప్రతిని పంపాను. అనువాదం చేయకపోవడమే సరైన అనువాదమైన సందర్భాలు నా అనుభవంలో బహుకొద్ది.

సహృదయుడు ఎవరన్న ప్రశ్నకు అభినవగుప్తుడు వెయ్యేళ్ల క్రితమే జవాబు చెప్పాడు. నిరంతరం కావ్యాలను అనుశీలించడం చేత మనస్సు అనే అద్దం నిర్మలమై, వర్ణించిన వస్తువుతో తన్మయం కాగలిగినవాడే సహృదయుడట. పీల్ చెవి అటువంటి అద్దం. వేల రికార్డులు విని విని అరిగిపోవలసిన చెవి, అందుకు బదులు తేటపడింది. ఆ పాటకు ఏదైనా చేర్చిగాని, దానినుండి ఏదైనా తీసివేసిగాని మెరుగుపరచలేమన్నది ఆయన అభిప్రాయం. ఆలంకారికులు అన్నా అంతకన్న ఏమంటారు? ఒకసారి కారు నడుపుతూ ఉండగా రేడియోలో ఆ పాట వచ్చేసరికి కంటతడి పెట్టుకున్నానని కూడా ఆయన చెప్పుకున్నారు.

*

అండర్‌టోన్స్ 1983లో విడిపోయారు. షార్కీ ఒంటరిగా పాడిన ‘ఎ గుడ్ హార్ట్’ 1985లో బ్రిటనులో ప్రథమస్థానం పొందింది. తరువాతి కాలంలో అతడు ఇంగ్లండు నదుల కాలుష్యంమీద గొంతెత్తి పేరు పొందాడు. గ్రేట్ విక్టోరియా వీధిలోని ఆ దుకాణమూ, హూలీ వెర్రితనమూ 2012లో ‘గుడ్ వైబ్రేషన్స్’ అన్న పేరుతోనే చలనచిత్రంగా వచ్చాయి. 2013లో ‘వన్ డైరెక్షన్’ అనే కుర్రవాళ్ల బృందం ధర్మకార్యానికి నిధుల కోసం ఈ పాటను మరొక పాటతో కలిపి పాడితే, అది పట్టికలో మొదటిస్థానానికి చేరింది. ముప్పయి ఒకటి నుండి ఒకటికి చేరడానికి పాటకు ముప్పయ్యయిదేళ్లు పట్టింది.

ఆ విశేషం చూడడానికి పీల్ లేరు. 2004 అక్టోబరు 25న, పెరూ దేశంలోని కుజ్కో నగరంలో గుండెపోటుతో ఆయన మరణించారు. తన సమాధిమీద పేరు కాక ఇంకేమైనా వ్రాయదలిస్తే ఆ పాటలోని మొదటి పాదం చాలునని అంతకు మూడేళ్లముందే పత్రికవారితో అన్నారు. నవంబరు 12న బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లోని పెద్ద చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. శవపేటికను వెలుపలికి మోసుకువస్తున్నప్పుడు ‘టీనేజ్ కిక్స్’ వినిపించారు.

డ్రమ్ములు తటతటా మోగాయి. గిటార్లు అందుకున్నాయి. రెండువందల పౌండ్లతో, ఒక్క రోజులో, బాంబుల ఊళ్లో పాడిన పాట అది. ఆ కుర్రవాళ్లు దానిని జ్ఞాపకంగా దాచుకుందామనే వేశారు. దాచింది మాత్రం ముక్కూమొగమూ తెలియని మరొకాయన.